పిన్నిగారు చూపించిన కొండలు

మా పక్క ఫ్లాట్ పిన్నిగారు పోయారని బాబాయిగారు ఫోన్ చేసినప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే మీరు నన్ను మనిషిగా లెక్కపెట్టరు. అయ్యో అని కూడా అనుకోలేదు. ‘ఇక నాకు కారు ఎవరు ఆపిస్తారు?’ అనుకున్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది. మేముండే సౌదీలోనే, దమ్మామ్ ఆసుపత్రిలో, నిద్రలో గుండె ఆగి వెళ్ళిపోయారు. ఆవిడ గురించి రాయాలంటే ముందు ఆ ఆలోచన సంగతి చెప్పక తప్పదు.

పిన్నిగారు మాకు చుట్టం కాదు. వాళ్ళది విజయనగరం వైపు, మాది ఏలూరు. గోడకి అటు వాళ్ళు, ఇటు మేము. పరాయి దేశంలో అంతకంటే దగ్గర చుట్టరికం ఏముంటుంది? పై అంతస్తులో నిజామాబాద్ వదిన వాళ్ళుండేవారు. చలికాలం వస్తే చాలు, మూడు కుటుంబాలం ఒక పెద్ద వ్యాన్ అద్దెకి తీసుకుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరేవాళ్ళం. ఎక్కడెక్కడ ఆగాలో పిన్నిగారే చూసుకునేవారు. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆవిడ ఆపించే తీరు మగవాళ్ళకి పెద్ద వేళాకోళం. వ్యాన్ మంచి ఊపు మీద పోతుంటే ఉన్నట్టుండి కేకపెట్టేవారు. "ఓలమ్మో! ఆ కొండ చూడండి! బేగి ఆపండి బాబూ!"

మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టి గొణిగేవాడు. "ఇందాక చూసిన కొండలాగే ఉంది కదండీ పిన్నిగారూ."

"ఏటి బాబూ అలాగంటావు? ఇందాకటిదానికి ఇంత నీడుందేటి?"

బాబాయిగారు నవ్వుతూ దిగేవారు. మా ఆవిడకి కొండల పిచ్చి అని అందరికీ చెప్పుకునేవారు. నేనూ అదే నమ్మాను, తబూక్ వెళ్ళేదాకా.

రెండో కాన్పు తరవాత నా ఒంట్లో ఒక బలహీనత మిగిలిపోయింది. దగ్గినా, తుమ్మినా, పగలబడి నవ్వినా అదుపు తప్పుతుంది. ఈ వాక్యం ఎన్నిసార్లు రాసి కొట్టేశానో! మా ఆయనకి కూడా చెప్పలేదు. ప్రయాణమంటే ముందు రోజు నుంచే నీళ్ళు మానేసేదాన్ని. పెదాలు పగిలి, తలనొప్పితో, నోరు మూసుకుని కూర్చునేదాన్ని. ‘ఈవిడకి పొగరు’ అని వదిన అనుకునేదట.

తబూక్ దగ్గర ఒక లోయ చూడడానికి పోతున్నప్పుడు వదిన ఏదో జోక్ వేసింది. నవ్వాపుకోలేకపోయాను. నవ్వుతోపాటు జరగకూడనిది జరిగింది. సీటు తడిసింది. ఆ క్షణంలో వ్యాన్ తలుపు తీసుకుని ఎడారిలోకి దూకేయాలనిపించింది.

పక్కన కూర్చున్న పిన్నిగారు నా మొహం వైపు ఒక్కసారి చూశారు. మరుక్షణం ఆవిడ చేతిలో మూత తీసిన నీళ్ళ సీసా మా ఇద్దరి మధ్యా బోర్లాపడింది.

"అయ్యయ్యో, నా చేతులిరిగిపోనూ! ఈ గుంటని నిలువునా తడిపేశాను. బాబూ, వచ్చే బంకు దగ్గర ఆపండి!"

మిగతాది ఒంటినిండా కప్పే నా నల్ల అబాయా దాచింది. బంకు దగ్గర ఆవిడే ముందు దిగి, అక్కడ పనిచేసే బంగ్లాదేశీ మనిషిని పిలిచి, "భాయ్, లేడీస్ హమ్మామ్ కిధర్? సాఫ్ హై క్యా?" అని అడిగారు. అతని మాట నమ్మకుండా తనే లోపలికి వెళ్ళి చూసొచ్చి నన్ను పంపించారు. నేను బయటికొచ్చేసరికి తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. చేతిలో కొత్త నీళ్ళ సీసా.

"నీళ్ళు తాగవే. ఆపించే పూచీ నాది."

అంతే. ఆ తరవాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. కానీ అప్పటినుంచి నేను గమనించడం మొదలుపెట్టాను. ఆవిడ మెచ్చుకున్న ప్రతి కొండకీ ఎదురుగా ఒక బంకో, ఆడవాళ్ళకి వేరే వసతి ఉన్న మసీదో ఉండేది.

ఈ వేసవికి అందరం స్కాట్లండ్ వెళ్ళాలనుకున్నాం. ఎడింబరాలో దిగి, ఒక రోజంతా కొండల్లో కారు ప్రయాణం. పిన్నిగారి హాల్లో టీవీ మీద మ్యాప్ పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ ఒక్కొక్కచోట వేలు పెట్టేవారు, మా ఆయన అక్కడ గుర్తు పెట్టేవాడు. ఇక్కడ పాత వంతెన, ఇక్కడ సరస్సు, ఇక్కడ గొర్రెలు.

"గొర్రెలు చూడ్డానికి స్కాట్లండ్ దాకానా పిన్నిగారూ?" అని మా ఆయన.

"ఆ గొర్రెలకి మొహం నల్లగుంటాది బాబూ. మనవి అలాగుంటాయేటి?"

అందరూ నవ్వారు. నేను మటుకు ఆ నల్లమొహం గొర్రెలకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అక్కడ అబాయా ఉండదు.

ఆవిడ పోయాక సంతాపానికి అందరం అదే హాల్లో చేరాం. ఎవరో ఆ కొండల పిచ్చి సంగతి ఎత్తారు. ప్రేమగానే నవ్వుకున్నారు. ఆవిడది పిచ్చి కాదని తెలిసిన నేను నోరు విప్పలేదు. విప్పకపోగా నలుగురితోపాటు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చచ్చేంత సిగ్గు.

టికెట్లు అప్పటికే కొనేశాం. మీరు వెళ్ళిరండి అని బాబాయిగారు పట్టుబట్టారు. పోయిన వారం ఆయన హాల్లోనే మళ్ళీ మ్యాప్ తెరిచాం. మా ఆయన దారి కుదించడం మొదలుపెట్టాడు.

"ఈ ఊళ్ళో ఏముంది? తీసేద్దాం. ఈ గొర్రెలు కూడా. పిన్నిగారు ఉంటే అది వేరు."

ఒక గుర్తు పోయింది. ఇంకొకటి పోయింది. ముందు రోజు నుంచి నీళ్ళు మానేసి, పొగరుబోతు మొహం పెట్టుకుని, ఆ పచ్చటి కొండల మధ్య బిగుసుకుని కూర్చోబోతున్న నేను నాకు కనిపించాను.

"తీయకు," అన్నాను. "అక్కడ బాత్‌రూమ్ ఉంది. నాకు కావాలి. తరచూ కావాలి. పిన్నిగారు ఇన్నాళ్ళూ ఆపించింది దానికే."

చెవులు మండిపోతున్నాయి. తల నేలకేసి పెట్టుకుని కూర్చున్నాను.

"నాక్కూడ గావాలె," అంది వదిన. "గొర్రెలను గూడ మల్ల పెట్టుండ్రి."

మా ఆయన మ్యాప్ దగ్గరికి జరిగాడు. తీసేసినవన్నీ మళ్ళీ పెట్టాడు. ఒక సరస్సు కొత్తగా కలిపాడు కూడా.

బాబాయిగారు తెర మీది గుర్తులు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. తరవాత నెమ్మదిగా అడిగారు. "అయితే అమ్మా, ఆవిడకి కొండలంటే ఇష్టం లేదా?"

ఇష్టమేనండీ అన్నాను. నాకేం తెలుసు? నేనెప్పుడూ అటు నుంచి ఆవిడ మొహం చూడలేదు. నాకు తెలిసింది ఆవిడ వీపే. రోడ్డు పక్కన, గాలికి అబాయా ఎగురుతుంటే, ఒట్టి బోడికొండ వైపు చెయ్యి చాపి నిలబడి ఉండేవారు. మగవాళ్ళంతా ఆ వేలు చూపించిన వైపే కళ్ళు చికిలించి చూస్తుండేవారు. వాళ్ళ వెనకనుంచి మేము ఆడవాళ్ళం తీరిగ్గా బంకు వైపు నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళం.