రహీం భాయ్ వంతు

2011 ఎండకాలంల నన్ను సిరిసిల్ల నుంచి జగిత్యాలకు సీనియర్ అసిస్టెంటుగ బదిలీ చేసిండ్రు. ఆ సెప్టెంబరులనే సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసుకు తాళం పడ్డది. మేమంతా దాని ఎదురుంగనే శామియానా కింద దీక్షల కూసున్నం, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, అచ్చం డ్యూటీ లెక్కనే. ఉపన్యాసాలు ఒడిసినంక మిగిలిన టైంల నేను ఇంకో కొలువు చేసిన. అది సర్వీసు రిజిస్టర్ల ఎక్కలేదు.

దుబాయి నుంచి వచ్చిన మా బామ్మర్ది ఒక ఆట డబ్బ తెచ్చిండు. అందుల ఇరవై ముఖాల పాచిక, ఇటుకంత రూల్సు పుస్తకం. ఒకడు కథ నడుపుతడు, మిగిలినోళ్లు కథల మనుషులైతరు. ఏం చేస్తరో నోటితో చెప్తరు. అది అయితదా కాదా పాచిక చెప్తది. నడిపే పని నాది. కోతలు కోసుట్ల నాకు మా ఊరు కోరుట్లల మంచి పేరుండె, వేరే అర్హత ఎవరూ అడగలేదు.

ఆడేటోళ్లు ముగ్గురు. సూపరింటెండెంట్ లక్ష్మీరాజం సార్ కత్తి పట్టిన వీరుడు. జూనియర్ అసిస్టెంట్ సుజాత మేడం మంత్రగత్తె. మూడో ఆయన అటెండర్ రహీం భాయ్, ముప్పై ఏండ్లు ఆఫీసర్ గది ముందర స్టూలు మీద కూసున్న మనిషి. ఆటల గూడ కోట దర్వాజ కాడ కావలిదారే అయిండు. ఇంకేమన్న ఎంచుకో భాయ్ అంటే, తెలిసిన పనైతే తప్పు పోదన్నడు.

గెలిచినకొద్ది అందరి లెవల్ పెరుగుతది, లెవల్‌కిన్ని పాయింట్లు వస్తయ్; వాటిని బలం మీదనో, మాట మీదనో ఎవరిష్టం వాళ్లు పెట్టుకోవచ్చు. ఆఫీసుల ఇరవై ఏండ్లకు రాని ప్రమోషన్లు శామియానా కింద నేను పదిహేను రోజులల్ల ఇచ్చిన. అక్కడనే బోర్ల పడ్డ. పెద్ద లెవల్‌కు ఎక్కినోళ్లకు ఏ రాక్షసుడూ ఆనడు. మల్లాపూర్ గుట్టంతటోన్ని తెస్తే, లక్ష్మీరాజం సార్ చాయ చల్లారక ముందే నరికిండు.

దానికి తోడు ఇంకో చిక్కు. ఎవరు ముందు ఆడాల్నో పాచిక వేసి తేల్చాలని రూలు. మావోళ్లు సీనియారిటీ లిస్టు ప్రకారం ఆడిండ్రు. గిట్ల ఆడుండ్రని ఎవరూ చెప్పలేదు. సూపరింటెండెంట్ వెయ్యక ముందు అటెండర్ చెయ్యి దానంతట అదే ఆగింది. చిన్న లెవల్ల నష్టం లేకుండె, అందరికీ వంతు వచ్చేది. లెవల్ పెరిగినంక సార్‌వి నాలుగు వేట్లు, మేడంది ఒక పిడుగు, ఆట ఖతం. పది పోరాటాలు రహీం భాయ్ వంతు రాకుండనే అయిపోయినయ్. ఆయన చాయలు అందిచ్చుకుంట చూసిండు.

సెప్టెంబరు ముప్పై ఆయన రిటైర్మెంటు. ఆఫీసే లేదాయె, ఇగ సన్మానమెక్కడిది, దండెక్కడిది. ముందటి రోజు నా పక్కకు వచ్చి మెల్లగ అడిగిండు.

"సార్, రేపటి జానవర్ నా వంతు దాంక బతుకుతదా?"

సార్‌కు చెప్పి రహీం భాయ్‌తోని ముందుగాల వేయించొచ్చు. గట్ల ఇప్పిస్తే అది దయ. ఆ మృగం ప్రాణం పెంచొచ్చు. అప్పుడు నరికే టైం పెరుగుతది, మజా పెరగది. బస్సులు లేవు గనక కోరుట్లకు జీపుల ఇరుక్కొని పోతుంటే సిరిసిల్ల సాంచాలు, బట్ట నేసే కరెంటు మగ్గాలు, యాదికొచ్చినయ్. ఎంత పనితనమున్నోడైనా, మూడు సాంచాల మీద ఒక్కపారి పోగు తెగితే రెండు చేతులు సాలవు.

మరునాడు కోట ఉత్తరాన నిప్పంటించిన. మేడం మంత్రంతో వాన కురిపిస్తున్నది; ఆపితే మంట లేస్తది. దక్షిణాన వంతెన విరిగింది, దాని మీద ఊరు ఊరంత ఉన్నది. సార్ భుజం పెట్టి మోస్తున్నడు. అప్పుడు డ్రాగన్ దిగింది, సీదా దర్వాజ ముందర. దాని ముక్కు జగిత్యాలల ఉంటే తోక కొస కోరుట్లల ఉన్నది.

వంతెన ఇడిచి రావొచ్చునా అని సార్ అడిగిండు. రావొచ్చు, జనం పోతరు అన్న. సార్ కాసేపు నన్ను గుర్రుగ చూసి, పాచిక రహీం భాయ్ ముందర పెట్టిండు.

భాయ్ బల్లెం ఎత్తుతడనుకున్న. ఆయన లేచి నిలబడి అంగీ సదురుకున్నడు.

"రాజా సాబ్ మీటింగ్‌ల ఉన్నరు. చిట్టీ మీద పేరు, పనేందో రాసియ్యుండ్రి. జర గా స్టూలు మీద కూసోండ్రి, పిలుస్తరు."

నేను పుస్తకం తిరగేసిన. ఎదుటోన్ని మాటతోని ఒప్పియ్యాలంటే పాచిక, మాటకారితనం పాయింట్లు కలిపి ఇరవై దాటాలె. పాచిక పదకొండు పడ్డది. మేడం కండ్లు మూసుకున్నది. నేను రహీం భాయ్ కాగితం అందుకున్న. కొట్లాట ఎట్లాగూ రాదని, లెవల్ లెవల్‌కు వచ్చిన పాయింట్లన్ని ఆయన మాట మీదనే పెట్టుకుంట వచ్చిండు. పన్నెండు ఉన్నయ్.

డ్రాగన్ కూసున్నది. మేడం మంట ఆర్పింది, సార్ జనాన్ని దాటిచ్చిండు. ఇద్దరూ దర్వాజ కాడికి ఉరికొచ్చి చూస్తే స్టూలు ఖాళీగ ఉన్నది.

"ఏంది రహీం భాయ్, ఎటు పోయింది?" అన్నడు లక్ష్మీరాజం సార్.

"ఐదు అయింది సార్. రేపు రమ్మన్న."

గడియారం చూస్తే నిజంగనే ఐదు. ఆయన సర్వీసు గూడ ఆ నిమిషానికే ఒడిసింది.

తర్వాత నేను స్వచ్ఛందంగ రిటైరయ్యి ఈ ఆట చానామందితోని ఆడిపిచ్చిన. పెద్ద లెవల్ పోరాటం తయారుచేసేటప్పుడు శత్రువు బలం ఆఖరికి రాస్త. ముందుగాల, ఎవరి వంతు రాకుండ పోతున్నదో చూస్త.