మా ఆయనకి కత్తి కొన్న రోజు

మా ఆయన చొక్కా ఉతికే ముందు దాన్ని తీగ మీద వేలాడదీసి, బారెడు దూరంలో నిలబడి, చీపురు పుల్లతో పైజేబును పొడుస్తాను. చూసినవాళ్లు జేబులో తేలుందనుకుంటారు. తేలైనా నయం, అది ఒక్కచోటే కుడుతుంది. మా ఆయన జేబులో ఉండేది గడ్డం గీసుకునే బ్లేడులో సగం. నిలువునా విరిచి, పాత క్యాలెండరు కాగితంలో చుట్టి, ఇరవై ఆరేళ్లుగా గుండెకు ఆనించుకుని మోస్తున్న ఆస్తి అది. మా పెళ్లి ఫొటోలో కూడా ఆ జేబు కాస్త ఎత్తుగా ఉందని నా అనుమానం.

ఆయన బోరు మోటార్ల మెకానిక్. అటు యర్రగొండపాలెం నుంచి ఇటు వెలిగండ్ల దాకా ఎక్కడ మోటారు మొరాయించినా ఈయనకే ఫోను. మా వైపు నీళ్లు ఎంత లోతున ఉంటాయంటే, పైకి లాగిన మోటారుకు అవతలి దేశం మట్టి అంటుకుని ఉంటుందని నేను చాలామందికి చెప్పాను, కొందరు నమ్మారు కూడా. ఆ మోటారు బాగుచేసి మళ్లీ దింపేముందు కేబులు పైతోలు ఒలిచి, లోపలి రాగితీగలు మెలేసి, నల్లటేపు చుట్టాలి. దాన్ని జాయింటు వెయ్యడం అంటారు. ఆ తోలు ఒలవడానికే సగం బ్లేడు. బ్లేడు కనపడకపోతే పళ్లు.

పోయిన వానాకాలంలో ఆ బ్లేడు జారి కుడి బొటనవేలు తెగింది. ఇంకొకరికైతే వారంలో మానిపోయే గాయం. మా ఆయనకు షుగరు. మూడు నెలలు మానలేదు. కట్టు విప్పినప్పుడల్లా ఒక వాసన వచ్చేది. ఆ వాసన గురించి నేను ఎవరికీ పెంచి చెప్పలేదు, తగ్గించే చెప్పాను. ఒంగోలులో డాక్టరు వేలి కొస తీసెయ్యాల్సి రావచ్చని చెప్పి, అది కూడా కుళ్లు పైకి పాకకపోతేనే అని నెమ్మదిగా జతచేశాడు. ఆ మాట విన్నాక బస్సులో కూర్చుని మార్కాపురం దాకా నేను చూసింది బయటి పొలాలు కాదు, ఒళ్లో పెట్టుకున్న ఆయన చేతినే. ఎలాగో వేలు మిగిలింది. గోరు వంకరపోయింది, కొసన స్పర్శ లేదు. నయమైన మర్నాడే మా ఆయన గుమ్మంలో కూర్చుని ఇంకో బ్లేడు నిలువునా విరిచాడు. ఆ ‘టిక్’ అనే చప్పుడుకు వంటింట్లో నా చేతిలో గరిటె జారింది.

అప్పుడే అనుకున్నాను, పెళ్లిరోజుకి ఈ మనిషికి ఒక మడత చాకు కొనివ్వాలని. జేబులో మూసుకుని ఉండేది, పని దగ్గర తెరుచుకునేది, పిడి ఉండేది.

కానీ దాని వెనకే ఇంకో భయం వచ్చింది. మా అమ్మ ఉప్పు గానీ కత్తిపీట గానీ చేతికి ఇచ్చేది కాదు. కింద పెట్టేది, కావలసినవాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరి మధ్యా బంధం తెగిపోతుందని. ఇటువంటివి నమ్మకూడదని మా చర్చిలో పాస్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు, నేను నమ్మను కూడా. కాకపోతే నా టైలరింగు దుకాణంలో కత్తెరను బల్ల మీదే పెడతాను. అది నమ్మకం కాదు, బల్ల ఎదురుగా ఉంటుంది కాబట్టి.

ఆ ఉదయం కుట్టు పనికి సెలవు పెట్టి, ఇంట్లోంచి జానెడు కేబులు ముక్క సంచిలో వేసుకుని, మార్కాపురం బజారులో మాకు తెలిసిన ఇనుప సామాన్ల దుకాణానికి పోయాను. దుకాణం అబ్బాయి, అబ్బాయంటే నలభై ఏళ్లవాడే, నన్ను అక్కా అని, మా ఆయన్ని బావా అని పిలుస్తాడు. దుకాణంలో ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన మేకులు ఏరుకుంటున్నాడు. ఒక పెద్దామె గేదెకు పలుపుతాడు బేరమాడుతోంది.

“చిన్న కత్తి ఒకటి చూపించు తమ్ముడూ.”

“కూరగాయలకా అక్కా?”

“కాదు. మా ఆయనకి.”

మేకుల చప్పుడు ఆగింది. చాకు అని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. చాకంటే జామకాయ. కత్తంటే పోలీసు కేసు. నా నాలుకకు ఆ తేడా తెలిసేలోపే పెద్దామె తాడు వదిలేసి నా దగ్గరికొచ్చింది.

“ఏం చేసినాడు తల్లీ పాపం?”

“ఇంకా ఏమీ చెయ్యలేదు పెద్దమ్మా. చేస్తాడని భయంగా ఉంది.”

నేను చెప్పింది వేలు కోసుకోవడం గురించి. ఆమె విన్నది వేరే అని ఆమె బుగ్గన వేలేసుకున్నప్పుడు గానీ నాకు తట్టలేదు. తట్టాక సర్దిచెప్పి ఉండాల్సింది. నా పాడు బుద్ధి, ఆమె మొహంలో ఆ కుతూహలం చూశాక సర్దాలనిపించలేదు.

దుకాణం అబ్బాయి మూడు పెట్టెలు తెచ్చాడు. మొదటిదాంట్లో ఒక్క పిడిలోనే కాపురం మొత్తం ఉంది. చెంచా, ముళ్ల గరిటె, కత్తెర, రంపం, పళ్లు కుట్టుకునే పుల్ల, సీసా బిరడా లాగే మెలికల కడ్డీ. బోరు దగ్గర మా ఆయనకు బిరడా లాగే పని లేదు, ఆ కడ్డీ చూసి కొత్త పని కల్పించుకుంటాడేమోనని పక్కన పెట్టేశాను. రెండోదానికి మీట ఉంది. అబ్బాయి నొక్కగానే ‘టక్’మని కోసే అలుగు బయటికి దూకింది. నేను ఒక గజం, మేకులాయన రెండు గజాలు వెనక్కి పోయాము. మా ఆయన జేబులో ఫోను తీయబోయి ఆ మీట నొక్కితే ఏమవుతుందో తలుచుకున్నాను. ఫోను ఉండేది గుండె మీదనే.

మూడోది కర్ర పిడిది. అరచేతిలో ఇమిడేంత. దీనికి పదునుంది గానీ మొన మాత్రం గుండ్రంగా, పాప గోరులాగా ఉంది. తెరిచాక అలుగు వీపును ఎన్నిసార్లు బల్లకేసి గట్టిగా నొక్కినా మూసుకోలేదు. లోపల చిన్న పట్టీ ఏదో దాన్ని పట్టుకుంది. వేలి మీద మూసుకోని చాకు.

“మొన లేదక్కా దీనికి. వేరేది చూపిస్తా.”

“మొన లేనిదే కావాలి.”

“మొన లేకుంటే యాడ దిగుతాది?”

“దిగకూడదనే కదా తమ్ముడూ.”

“అదీ మాట,” అంది పెద్దామె. “ఊరికే బెదిరించి ఇడిసిపెట్టు తల్లీ. పిలకాయలున్నారా?”

నేను అబ్బాయిని అడిగి కాస్త నల్లటేపు తీసుకుని నా కుడి బొటనవేలికి రెండు చుట్లు చుట్టుకున్నాను. స్పర్శ లేని వేలితో ఈ చాకు తెరుచుకుంటుందా అన్నదే నాకు కావలసింది. మొదటిసారి రాలేదు. రెండోసారి అలుగు మీది గాడిలో గోరు పడి మెల్లగా తెరుచుకుంది. సంచిలోని కేబులు తీసి బల్ల మీద పెట్టి ఒక్క గీత గీశాను. పైతోలు అరటితొక్కలాగా ఊడొచ్చింది. తల ఎత్తితే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. వేలిముద్రలు పడకుండా టేపు చుట్టుకుని, నరం తెగుతుందా లేదా అని సాధన చేసే ఆడదాన్ని మార్కాపురం బజారు అప్పటిదాకా చూసి ఉండదు.

చాకు సంచిలో వేసుకుని షేరు ఆటో ఎక్కాక నా భయం మొదలైంది. ఆటో గుంటలో పడినప్పుడల్లా అది సంచి చింపుకుని పక్కనామె ఒళ్లోకి దూకుతుందనిపించింది. అంతకంటే పెద్ద భయం, దీన్ని ఇస్తే ఆయన దీంతో కూడా కోసుకుంటే? అప్పుడు కోసింది బ్లేడు కాదు, నేను.

పొద్దు గుంకితే గానీ ఇల్లు చేరని మా ఆయన ఆ రోజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, చెప్పులు కూడా విప్పకుండా.

“తిన్నావా?” అని అడిగాడు.

ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్న అడిగేది నేను. “తినలేదు. రా, వడ్డిస్తా,” అన్నాను.

“వద్దులే, నేనే పెట్టుకుంటా. నువ్వు కూచో.”

పెట్టుకున్నాడు, తిన్నాడు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. “శానా బాగుంది,” అన్నాడు. కంచం తనే కడిగాడు, ఒంటి చేత్తో. తర్వాత గోడకు వీపు ఆనించి, తలుపుకు దగ్గరగా కూర్చున్నాడు. నేను సంచి వైపు నడిస్తే ఆయన కళ్లు సంచి వైపు నడిచాయి.

“కత్తి కొన్నావంట,” అన్నాడు.

“ఎవరు చెప్పినారు?”

“దుకాణంలోనించి ఫోను చేసినాడు. బావా, అక్క కత్తి కొనింది, మా ఆయనకి అంటా ఉంది, నువ్వు జాగర్త అన్నాడు. మాయమ్మ తోడు, నేను దాచిపెట్టాల అనుకోలా. నువ్వు భయపడతావని చెప్పలా. నీకెట్ల తెలిసింది?”

నాకేమీ తెలియదు. దేని గురించి అంటున్నాడో కూడా తెలియదు. కానీ అప్పుడు చూశాను, ఆయన ఎడమచెయ్యి వచ్చినప్పటినుంచి జేబులోనే ఉంది.

“చెయ్యి తియ్యి,” అన్నాను.

తీశాడు. చూపుడువేలికి, మొదలు నుంచి కొస దాకా, నున్నగా, బిగుతుగా నల్లటేపు. మోటారు కేబులుకు జాయింటు వేసినట్లు వేలికి జాయింటు వేసుకున్నాడు.

“ఎన్ని రోజులైంది?”

“నాలుగు.”

“నాలుగు రోజులు!” చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి, నా కంట పడలేదు.

“నీళ్లు తగలగూడదు గదా మే. బోరులో నాలుగేండ్లైనా నీళ్లు తగలనియ్యదు ఈ టేపు.”

నవ్వొచ్చి ఉండాల్సింది. నాకు రాలేదు. నల్లటేపు కింద నాలుగు రోజులుగా ఏం జరుగుతోందో, ఒంగోలు డాక్టరు మాట ఎక్కడిదాకా పాకిందో అన్నదొక్కటే నాకు వినపడుతోంది. టేపు కొస గోటితో లేపబోయాను. అంటుకుపోయింది, లాగితే చర్మం కూడా వచ్చేట్లుంది. నా కత్తెర లావుగా ఉంది, మొన లోపలికి దూరడం లేదు, దూరిస్తే గుచ్చుకుంటుంది.

సంచిలోంచి చాకు తీశాను. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“పొడవనులే,” అన్నాను.

“తెలుసులే. అయినా మూసుకుంటా.”

గుండ్రటి మొనను అరచేతి వైపునుంచి టేపు కిందికి తోశాను. పట్టుచీర అంచు కుట్టేటప్పుడు కూడా నేను అంత మెల్లగా కదల్లేదు. లోపలికి మొన గుచ్చుకోకుండా జారింది. పదును వైపు పైకి తిప్పి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయాను. టేపు చిక్కుడుకాయ విప్పినట్లు రెండుగా విచ్చుకుంది. చాకును నేల మీద పెట్టి, రెండు చేతులతో ఆయన వేలు పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

ఆ వాసన లేదు. చర్మం నానిపోయి తెల్లగా ఉంది. తెగినచోట అంచులు ఎర్రగా ఉన్నాయి. మళ్లీ వాసన చూశాను. మూడోసారి కూడా చూశాను.

“తింటావా ఏంది?” అన్నాడు మా ఆయన.

అప్పుడు ఏడ్చాను. చాకు ఉన్నచోటే వదిలేసి, ఇంటికి తాళం వేసి, ఆయన్ని ఆటోలో కూచోబెట్టి ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు గాయం కడిగి, షుగరు చూసి, ఆ అంకెకు మొహం చిట్లించి, “ఈసారి తొందరగా తెచ్చినావమ్మా. ఇంకో వారం ఆ టేపు ఉంటే వేలు నన్ను అడక్కుండానే పోయేది,” అన్నాడు. రోజు విడిచి రోజు రమ్మన్నాడు. మానుతుందని అనలేదు. చూద్దాం అన్నాడు. ‘చూద్దాం’ అనే మాటను నేను ఒంగోలులో కూడా విన్నాను. కాబట్టి నా భయం తగ్గిందని అబద్ధం చెప్పను, దానికి కూర్చోవడానికి ఒక పీట దొరికిందంతే.

తిరిగొచ్చేసరికి చాకు తెరిచినట్లే నేల మీద పడి ఉంది. మా ఆయన వంగి, నేను అరిచేలోపే దాన్ని తీసుకున్నాడు. వంకర గోరున్న కుడి బొటనవేలితో లోపలి పట్టీని పక్కకు నెట్టి మూశాడు, మళ్లీ తెరిచాడు.

“నాకేనా ఇది?”

“నీకే. పెళ్లిరోజుకని.”

“పెళ్లిరోజు వచ్చే నెల గదా?”

“అప్పటిదాకా నీ వేళ్లు ఆగుతాయా?”

నేను చేతికియ్యలేదు. కింద పెట్టాను, ఆయనే తీసుకున్నాడు. పాస్టరుగారికీ మా అమ్మకూ ఇద్దరికీ సమాధానం చెప్పుకోవచ్చు. ఇంతలో ఫోను మోగింది. దుకాణం అబ్బాయి. నేనే ఎత్తాను.

“అక్కా, బావ ఉన్నాడా?” అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

“ఉన్నాడు,” అన్నాను. “ఇప్పటికి ఉన్నాడు.”

అవతల ఫోను ఠక్కున పెట్టేశాడు. మా ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. నవ్వుతూనే పైజేబులో చెయ్యి పెట్టి, క్యాలెండరు కాగితపు పొట్లం తీసి, నా వైపు చాచబోయి ఆగాడు. చేతిని వెనక్కి తీసుకుని, వంగి, ఆ పొట్లాన్ని మా ఇద్దరి మధ్యా నేల మీద పెట్టాడు.

“తీసుకో,” అన్నాడు.