రెండు సుద్దగీతలు

పోయిన వారం పుంగనూరులో ఒక కోతమిల్లు ముందు టీ తాగుతున్నాను. లోపల ఎవరో గొడ్డలి వెనకవైపుతో దుంగను తట్టి చూస్తున్నారు. మూడు దెబ్బలు గట్టిగా, నాలుగోది బోలుగా వినిపించింది. ఆ నాలుగో శబ్దానికి అర్థం నాకు నేర్పినవాడు మునిరత్నప్ప. రామకుప్పం దగ్గరి పల్లెలో రాగి, టమోటా వేసుకునే రైతు. మా అడవి సర్వేకి ఒక సీజనంతా కూలికి వచ్చాడు. నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద.

నా పని అడవిని తూకం వెయ్యడం, అదీ చెట్టు నరకకుండా. ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి నూటముప్పైఏడు సెంటీమీటర్ల దగ్గర చుట్టుకొలత తీయాలి. చెట్టు ఎత్తు, జాతి రాసుకోవాలి. ఈ మూడూ సూత్రంలో వేస్తే మాను బరువు తేలుతుంది. అందులో దాదాపు సగం కార్బన్. మదనపల్లెలో డిగ్రీ, బయట పీజీ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు ఆ సూత్రం మీద సందేహమే లేదు. కొలవాల్సిన చోట్లు కూడా కంప్యూటరే ఎంచి ఇచ్చేది. మొదటి వారంలోనే ఒక చోటు ముళ్లపొద మధ్యలో పడింది. పది అడుగులు పక్కకు జరుగుదామన్నాను. మునిరత్నప్ప కొడవలి తీసి పొద నరుకుతూనే అన్నాడు: "ఆడ ముల్లుండాదని ఆడ అడివి లేనట్టా అప్పా? మనకి దోవుండే తావులే కొలిస్తే అది దోవ లెక్క అవుతాది, అడివి లెక్క యాడయితాది?" తరగతిలో రెండు గంటలు విన్న పాఠం ఆ మాటతో నాకు బోధపడింది.

కొలిచిన చెట్టును మళ్లీ కొలవకుండా దాని మీద ఒక సుద్దగీత పెట్టేవాళ్లం. అతను గీత పెట్టేముందు ప్రతి మానునూ కొడవలి పిడితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. కొన్నింటికి రెండు గీతలు పెట్టేవాడు. ఒక లావాటి నల్లమద్ది చెట్టు దగ్గర ఎందుకని అడిగాను.

"పైకి పెండ్లికొడుకు మాదిరి ఉండాది గానీ లోపలేమీ లేదు. డొల్ల. రాసుకో."

"ఫారంలో ఆ గడి లేదన్నా."

"గడి లేకుంటే బొక్క పూడిపోతాదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోనులోని ఆ ఫారంలో వివరాల కోసం అడుగున ఒక ఖాళీ చోటు ఉంది. అందులో టైపు చేయడానికి చెట్టుకో నిమిషం పడుతుంది. రోజుకు ఇన్ని చోట్లు పూర్తి కావాలని లెక్క పెట్టుకున్నవాణ్ణి, ఆ నిమిషం ఇవ్వలేదు. అతను సీజనంతా చెబుతూనే ఉన్నాడు. ఒక్కటీ రాయలేదు.

వానలు పోయాక పరిశీలన బృందం వచ్చింది. మేము కొలిచిన చెట్లలో కొన్నిటికి సన్నని రంధ్రం వేసి చూశారు. పెద్ద మానుల్లో చాలావాటికి లోపల చెక్కే లేదు. సుద్దగీతలు వానకు ఎప్పుడో చెరిగిపోయాయి. కుప్పంలో మేము ఆఫీసుగా వాడుకున్న అద్దెయింటి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, "డొల్ల చెట్లని తెలియలేదా?" అని నన్నడిగారు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయం కావాల్సి ఉంది. మునిరత్నప్ప మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "చూసి చెప్పమని అతనికి అప్పగించాను సార్. అతను చెప్పలేదు," అన్నాను.

అతను కాదనలేదు. టేపూ సుద్దముక్కల సంచీ గోడవారగా పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి సీజనుకు అతన్ని పిలవలేదు. నా ఉద్యోగం ఖాయమైంది.

అతని ఊరికి వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. చేలో ఏనుగులు తొక్కిన కంచె సరిచేస్తున్నాడు. దారిపొడవునా వరుసగా పేర్చుకున్న మాటలు ఒక్కొక్కటిగా చెప్పాను: తప్పు నాది, భయపడ్డాను, అబద్ధమాడాను. తీగ బిగించడం ఆపకుండా అంతా విన్నాడు.

"నీళ్లు తాగుతారా సారూ?" అన్నాడు. ఆ సీజనంతా నన్ను అప్పా అని తప్ప పిలవని మనిషి.

"ఏమైనా అను, అన్నా."

"ఏమనేది? ఆ పొద్దు పదిమంది ముందర అన్నావు. ఈ పొద్దు ఒక్కడివే వచ్చి చెప్తాండావు. నాకు చెప్పేదానికేముండాది? నాకు తెలిసిందే కదా."

తిరిగి వస్తూ బస్సులోనే, ఆ రోజు వరండాలో ఎవరెవరు ఉన్నారో రాసుకున్నాను. మా ఇద్దరినీ తీసేస్తే ఏడుగురు. మొదట మా పై అధికారికి లిఖితపూర్వకంగా చెప్పాను. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత మళ్లీ పనికి రమ్మని మునిరత్నప్పకు కబురు పంపారు, అతను రానన్నాడు. మిగతావాళ్లు బదిలీలై, ఉద్యోగాలు మారి చెదిరిపోయారు. ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ నలుగురికి చెప్పాను. ఇద్దరు ఇబ్బందిగా మాట మార్చారు, ఒకామె ఫోను పెట్టేసింది, డ్రైవరు మాత్రం, "నాకప్పుడే తెలుసు సార్," అన్నాడు.

పోయిన వారం పుంగనూరుకు వెళ్లింది ఆరో మనిషి కోసం. అప్పటి పరిశీలన బృందంలో ఉన్నవాడు. టీకొట్టు దగ్గరికే వచ్చాడు. అంతా చెప్పాను. శ్రద్ధగా విని, "డొల్ల చెట్ల గొడవ గుర్తుంది. మునిరత్నప్ప ఎవరు?" అన్నాడు.

మెట్ల మీద నిలబడి ఉన్న మనిషి అని మొదలుపెట్టి, అతను చెట్టును ఎలా తట్టేవాడో, ఎలా వినేవాడో ఆయనకు మొదటినుంచీ చెప్పాను. ఏడుగురిలో ఇంకా ఒకరు మిగిలారు.