లాగిన్ పేజీ లేని డ్రైవర్

మా కళాశాలలో చివరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టుకు ఒక అచ్చు ఉండేది. ముందు ‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్’, అంటే ఇప్పటికే ఉన్నది, దాని లోపాలు. తరువాత ‘ప్రపోజ్డ్ సిస్టమ్’, అంటే మనం చేయబోయేది, దాని మేలు. ఆపైన మాడ్యూళ్లు, అంటే ప్రాజెక్టులోని విడివిడి భాగాలు. రెండోదానిలో మాడ్యూళ్లు మొదటిదానికంటే ఎక్కువ ఉండాలని ఎక్కడా రాసి లేదు. కానీ తక్కువ ఉన్న ప్రాజెక్టును మా గైడు సారు తన సర్వీసులో చూడలేదు. శ్రీకాకుళం శివార్లలోని ఆ కళాశాలలో, రెండువేల పదిహేను ప్రాంతంలో, ఉన్న కోడ్‌ను తగ్గించడమే మా ప్రాజెక్టు అని నేను చెప్పినప్పుడు ఆయన ముఖంలో కోపం కనిపించలేదు. వీడు సగం మాట ఇంట్లో మరచిపోయి వచ్చాడేమోనన్న జాలి కనిపించింది.

మేం పట్టుకున్నది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌లోని ఒక డ్రైవర్, అంటే తెర వెనుకే పనిచేసే ఒక చిన్న ప్రోగ్రాం. మా ల్యాబ్ కంప్యూటర్లలో మెమొరీ తక్కువ. బ్రౌజరూ కంపైలరూ కలిపి తెరిస్తే పట్టని సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీదికి నెట్టేవి. ఆ తరువాత మౌస్ కదిలితే అదృష్టం. ఈ డ్రైవర్, డిస్కుకు పోవలసిన ఆ సమాచారాన్ని కుదించి మెమొరీలోనే ఒక మూల దాచుతుంది. మిగతా సిస్టమ్‌కు ఆ మూల ఒక డిస్కులాగే కనిపిస్తుంది.

ఆలోచన సులువే. మా చేతికి వచ్చిన పాత కోడ్ సులువుగా లేదు. కుదించే పనికి కావలసిన తాత్కాలిక స్థలాలను ‘స్ట్రీములు’ అంటారు. అవి ఎన్ని ఉండాలో కంప్యూటర్ వాడే మనిషే చెప్పాలి. ఒకటి చాలంటే కోడ్ ఒక దారిన పోతుంది, ఎక్కువ కావాలంటే ఇంకో దారిన. ఆ రెండో దారిలో ఖాళీ స్ట్రీముల వరుస, ఒకేసారి ఇద్దరు చేయి పెట్టకుండా ఆ వరుసకు తాళం, దొరకనివారికి ఎదురుచూపు. ఇదంతా ఎందుకన్నదే నా ప్రశ్న. ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక్కో భాగానికి, అంటే ఒక్కో కోర్‌కు, ఒక్కో స్ట్రీము ఇచ్చేస్తే ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కరలేదు, మనిషిని సంఖ్య అడగనూ అక్కరలేదు.

ప్రాజెక్టులో నా జోడీది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ల నాన్న వేటకు వెళ్లేవారు, అమ్మ చేపలు అమ్మేది. అతనికి అప్పటికే ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, చేరవలసిన తేదీతో సహా. అయితే ఆ తేదీకి డిగ్రీ పూర్తయి ఉండాలి. ప్రాజెక్టు తప్పితే డిగ్రీ ఆగుతుంది, డిగ్రీ ఆగితే ఉద్యోగం పోతుంది. నాకు అలాంటి తేదీ ఏదీ లేదు.

మొదటి ప్రయత్నంలోనే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఒక కోర్ తన స్ట్రీమును పట్టుకుని ఉన్నంతసేపూ అక్కడి పని నిద్రపోకూడదు. మేం సరిగ్గా అప్పుడే కొత్త మెమొరీ అడిగి, అది దొరికేదాకా దాన్ని నిద్రపోనిచ్చాం.

“సచ్చింది మావా,” అన్నాడు నా జోడీ తెర వైపు చూసి. “పడుకోకూడదని సెప్పినోణ్ని మనమే జోలపాడి పడుకోబెట్టేసినాం.”

మెమొరీ వెంటనే దొరక్కపోతే స్ట్రీమును వదిలేసి, మెమొరీ తెచ్చుకుని, మళ్లీ మొదటినుంచి కుదించేలా మార్చాం. ఆ తిరుగుడు ఎప్పుడో గాని రాదు. వరుస పోయింది, ఎదురుచూపు పోయింది, రెండు దారులు ఒకటయ్యాయి. ఫైలు మొత్తాన్ని ఏకబిగిన చదివి అర్థం చేసుకోవచ్చు. నాకు అంతటి తృప్తి అంతకుముందు డిబేట్ పోటీల్లో కప్పులు గెలిచినప్పుడు కూడా కలగలేదు.

గైడు సారు పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశారు.

“సరే, తీసేశారు. ఏటి పెట్టారు?”

“తీసేయడమే పని సార్. ఫలితం అదే, దారి చిన్నది.”

“బయట్నించి ఎగ్జామినర్ వస్తారయ్యా. ఆయనకి స్క్రీన్ మీద ఏటి సూపిస్తావు?”

“డ్రైవర్‌కు స్క్రీన్ ఉండదు సార్.”

“అదే కదా నా బాధ. ఓ లాగిన్ పేజీ పెట్టండి. అడ్మిన్ మాడ్యూల్, యూజర్ మాడ్యూల్, రెండూ వచ్చేస్తాయి.”

నేను లేచి నిలబడ్డాను. డిబేట్ పోటీల వల్ల వచ్చిన అలవాటు. “ఎవరు లాగిన్ అవుతారు సార్? ఈ డ్రైవర్ లేచేసరికి ఆ కంప్యూటర్‌లో ఇంకా మనిషన్నవాడే ఉండడు. వాడని తలుపును ఇంటిలో భాగమని చూపించడం అబద్ధం కాదా?”

“ఇది డిబేట్ కాదు, వైవా,” అన్నారు ఆయన. “కూర్చో.”

బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడుస్తుండగా నా జోడీ మొదలుపెట్టాడు.

“ఒరే, పేజీయే కదేటి? ఎట్టేద్దాం. నాకది పూట పని.”

“ఎంత పని అన్నది కాదు ప్రశ్న. డ్రైవర్‌కి ఆ తలుపెందుకు?”

“డ్రైవర్‌కెందుకురా! నాకు కావాల. మా ఊరి పక్కన ఎయిర్‌పోర్టు కడతారంట, ఇమానాలొస్తాయంట, ఎప్పుడొస్తాయో ఎవుడికీ తెల్దు. నా ఉద్యోగానికి తేదీ ఉన్నాది. నువ్వు గెలిసీ వరకూ ఆళ్లు ఆగుతారేటి?”

ఎదుటివాడి వాదంలో దోషం పట్టడం నాకు నేర్పారు. అతని మాటలో దోషం లేదు. నా ప్రశ్నకు అది సమాధానమూ కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం నన్ను ఇప్పటికీ చికాకు పెడుతుంది. పేజీ పెట్టడానికి ఒప్పుకున్నాను. అయితే ‘ఈ పేజీకి డ్రైవర్‌తో సంబంధం లేదు’ అన్న ఒక వాక్యం రిపోర్టులో చేర్చాను. గైడు సారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు.

వైవా రోజు ఎగ్జామినర్ ముందుగా తప్పు పాస్‌వర్డ్ కొట్టారు. పేజీ ఆయన్ను రానివ్వలేదు. “వెరీ గుడ్,” అన్నారు. సరైనది కొట్టి లోపలికి వెళ్లి, రంగులు బాగున్నాయన్నారు. తరువాత రిపోర్టు తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆగారు.

“ఎగ్జిస్టింగ్ సిస్టమ్‌లో స్ట్రీముల సంఖ్య యూజర్ మార్చుకోవచ్చు. మీ దాంట్లో ఆ సౌకర్యం లేదేం?”

అన్ని నెలలుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. కానీ నేను నోరు తెరిచేలోపే గైడు సారు అందుకున్నారు.

“అది ఫ్యూచర్ ఎన్‌హాన్స్‌మెంట్ సార్. నెక్స్ట్ వెర్షన్‌లో పెడతారు.”

“ఓహో. అంతేనా?” అని ఎగ్జామినర్ నా వైపు చూశారు.

అంతే కాదు. అది రాబోయేది కాదు, మేం కష్టపడి పోగొట్టినది. రెండు వాక్యాల్లో చెప్పగలను. నా జోడీ నన్ను చూడడం లేదు. టేబుల్ మీద తన రెండు అరచేతులూ ఆనించి, వాటినే చూస్తున్నాడు.

“అంతే సార్,” అన్నాను.

ఎగ్జామినర్ మార్కులు వేసి తరువాతి జట్టును పిలవమన్నారు. వరండాలో నా జోడీ ఫోన్‌లో వాళ్లమ్మతో, “అయిపోనాదమ్మా! ఏడుస్తావేటే, పాసైపోనాను,” అని అరుస్తున్నాడు. గైడు సారు మా రిపోర్టు చివరి పేజీ తెరిచి, ఎగ్జామినర్‌కు చెప్పింది అందులో కూడా ఉండాలని నా చేతికి పెన్ను ఇచ్చారు. ‘స్ట్రీముల సంఖ్యను వినియోగదారుడే నిర్ణయించుకునే సౌకర్యం భవిష్యత్తులో కల్పించబడును’ అని నా చేత్తోనే రాశాను. ఆయన కింద సంతకం పెట్టారు.