రాయపూర్ హోటల్లో అప్పాయమ్మగారి భోజనం

1964లో నేను వెల్డింగ్ ఎలక్ట్రోడ్లు, అంటే ఇనుమును అతికే కడ్డీలు, అమ్మే కంపెనీలో సేల్స్ రిప్రజెంటేటివ్‌ని. నెలలో సగం టూర్లే. భిలాయి వెళ్తే ఉక్కు ప్లాంటు చుట్టూ వెలుస్తున్న ఇనుప పని షెడ్లకు వెళ్లి డెమో ఇచ్చేవాణ్ణి. డెమో అంటే కొనేవాళ్ల ఎదుటే మా కడ్డీతో ఒక అతుకు వేసి చూపించడం.

ఈ ఉద్యోగంలో అసలు కష్టం తిండి. కొత్త ఊళ్లో నేను హోటలు బోర్డు చూసేవాణ్ణి కాదు. లోపల రోజూ తినేవాళ్లు కూర్చున్నారా లేదా అని చూసేవాణ్ణి. భిలాయిలో పవర్‌హౌస్ అనే పేటలో అప్పాయమ్మగారి మెస్సు అలాగే దొరికింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన దంపతులు. ఆవిడ వంట, భర్త సూర్నారాయణగారు వడ్డన. ముందుగదిలో రెండు బల్లలు. ప్లాంటులో పనిచేసే మనవాళ్లతో ఎప్పుడూ నిండి ఉండేది.

ఆ ఏడాది వానాకాలంలో వెళ్లేసరికి బల్లలు ఖాళీగా ఉన్నాయి. పప్పులో పోపు మాడింది, చారు చేదెక్కింది. నేను తింటుంటే ఆవిడే వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు.

"నిజం చెప్పండి బాబూ. పోపు మాడిందేటి?"

"మాడింది పిన్నిగారూ."

"ఈయన చెప్పడం లేదు. జొరం వచ్చి తగ్గిన కాణ్ణించీ నాకు వాసన తెల్డం లేదు."

దేవుడికి పెట్టకముందు ఆవిడ దేన్నీ రుచి చూడరు. ఇన్నాళ్లూ వంటంతా వాసన మీదే చేశారట. మర్నాటి నుంచి సూర్నారాయణగారు పొయ్యి పక్కన నిలబడి, పోపు వేగగానే చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పేసరికి ఒకరోజు ఆవాలు పచ్చిగా ఉండేవి, ఒకరోజు నల్లబడేవి. ఆస్పత్రిలో డాక్టరు ఆవిడ ముక్కు చూసి, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. దసరా తర్వాత మెస్సు మూసేసి, ఇద్దరూ ఆవిడ చెల్లెలి ఇంటికి విజయనగరం ప్రయాణమయ్యారు.

అప్పుడు టూర్ మీద భిలాయిలోనే ఉన్నాను, విశాఖలో పని ఉండి ఆ రోజే వాళ్లతో బయల్దేరాను. రాయపూర్‌లో బండి మారాలి. చాలా వ్యవధి ఉండటంతో స్టేషను బయట ఒక హోటలుకి తీసుకెళ్లాను. బయట తినడం ఆవిడకి అదే మొదటిసారని అక్కడే తెలిసింది. చుట్టుపక్కల వాళ్లు ఎలా తింటున్నారో చూస్తూ కాసేపు అన్నం కలపలేదు.

"ఎలగుంది బాబూ ఈ పప్పు?"

"బాగుంది పిన్నిగారూ."

"బాగుందంటే నాకేటి తెలస్తాది? ఏటేసినాడో చెప్పండి."

నేను మళ్లీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాను. నేతిలో జీలకర్ర, వెల్లుల్లి వేశాడనీ, వెల్లుల్లి అంచులు ఎర్రబడేదాకా వేగనిచ్చాడనీ, చివర్లో పచ్చి కొత్తిమీర పడిందనీ చెప్పాను. ఆవిడ తలాడిస్తూ విన్నారు. అప్పుడు తినడం మొదలుపెట్టారు.

"అయితే బాగా చేసినాడు," అన్నారు. తర్వాత కూర సంగతి అడిగారు. అదీ చెప్పాను. సూర్నారాయణగారు తల వంచుకుని తింటున్నారు. విజయనగరంలో వాళ్లని దింపి నేను ముందుకు వెళ్లిపోయాను. మళ్లీ కలవలేదు.

ఆ తర్వాత షెడ్లలో మంచి సరుకండీ అని ఊరుకోవడం మానేశాను. అతుకు ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ ఉండదో విడమర్చి చెప్పేవాణ్ణి. అమ్మకాలు పెరిగాయి కూడా. కానీ ఒక వెలితి మిగిలిపోయింది. రాయపూర్ పప్పులో ఏమేం ఉన్నాయో ఇవాళైనా చెప్పగలను. అప్పాయమ్మగారి చేతి వంట అన్ని టూర్లు తిన్నాను, అదెలా ఉండేదని మా ఆవిడ అడిగితే మాత్రం బాగుండేది అనడం తప్ప ఇంకో మాట దొరకదు.