గల్ఫ్ పెట్టెలో వచ్చిన తెలుపు

ఆ పొద్దు నా కాళ్ళు ఏనుగు కాళ్ళయ్యాయి. చెప్పుల్లో కాదు కదా, గడపలో కూడా పట్టలేదు. ఊళ్ళో అందరికీ ఇట్లాగే చెప్పాను. అసలు జరిగింది ఇంతే: మెట్‌పల్లి అంగడికి పోదామని చెప్పులు తొడిగితే పట్టీ బిగిసింది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. మూత్రానికి పోతే సబ్బునీళ్ళలాగా నురుగు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు కళ్ళ కింద కూడా ఉబ్బింది. నా భార్య రాజవ్వ అద్దం తెచ్చి ముందు పెట్టింది.

"మొకం బూరె లెక్క పొంగింది. ఇంకేం జూస్తవ్, నడువు దవాఖానకు."

మెట్‌పల్లి డాక్టర్ యూరిన్ టెస్ట్ చేయించి, "ప్రోటీన్ త్రీ ప్లస్ పోతోంది. కరీంనగర్‌లో కిడ్నీ డాక్టర్‌కు, నెఫ్రాలజిస్ట్‌కు చూపించండి" అన్నాడు. అక్కడ సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. సూది బల్లెమంత ఉందని ఇప్పటికీ చెబుతుంటాను. నిజానికి నేను సూదిని చూడనే లేదు, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రిపోర్టులో మెంబ్రేనస్ నెఫ్రోపతి అని వచ్చింది.

"కిడ్నీ జల్లెడ లాంటిది పెద్దాయనా. మీ జల్లెడ పాడైంది, ఒంట్లోని ప్రోటీన్ జారిపోతోంది" అని చెప్పింది డాక్టరమ్మ.

"డయాలసిస్ దాకా పోతదా మేడమ్?"

"కారణం దొరికితే ఆపొచ్చు. దొరకకపోతే చెప్పలేను. నాటుమందులు, పసర్లు, నొప్పుల గోలీలు ఏమైనా వాడారా?"

"ఏం లేవు మేడమ్."

పక్కనుంచి రాజవ్వ అందుకుంది. "అద్దం ముంగట నిలవడి, తెల్లగైతనని మొకానికి డబ్బల క్రీమ్ రాస్తడు గద మేడమ్, గదెందుకు చెప్తలేడు?"

నాకు భూమిలోకి కుంగిపోయినట్లయింది.

ఆ డబ్బా కథ చెప్పాలి. వయసులో నేనూ మస్కట్‌లో మేస్త్రీ పని చేసినవాణ్ణే. సెలవుకు వచ్చి తాళ్ళు కట్టిన పెట్టె విప్పితే సబ్బులు, సెంటు, కొత్త లుంగీలు కలిసిన వాసన వాడ చివరిదాకా పోయేది. ఇంటికో సబ్బు పంచేవాళ్ళం. గల్ఫ్ సామానంటే అసలు సరుకని నమ్మకం. డబ్బా మీద ఏం రాసి ఉందో చదివినవాడు లేడు. పోయిన ఏడు తమ్ముని కొడుకు గంగాధర్ దుబాయ్ నుంచి వచ్చి పెట్టె విప్పితే మళ్ళీ అదే వాసన. "పెద్దబాపూ, గిది పెద్దమ్మకు" అని తెల్ల క్రీమ్ డబ్బా ఇచ్చాడు. నేను నా అలమారలో పెట్టుకున్నాను.

పదో తరగతిలో కలిసి చదివినవాళ్ళమంతా కలుసుకుంటున్నామంటే ఎండకు మాడిన మొహంతో ఏం పోతానని రాశానని డాక్టరమ్మకు చెప్పాను. అది సగం నిజం. ఆ కలయిక అయిపోయాక కూడా రాస్తూనే ఉన్నాను. మూత తీస్తే చాలు, కొత్తగా పెళ్ళైన రాజవ్వ పెట్టె మీదికి వంగి సబ్బులు ఒక్కొక్కటే వాసన చూస్తూ కనిపించేది.

డబ్బా తెమ్మంటే తెచ్చాం. మూత మీద పువ్వు బొమ్మ తప్ప తయారుచేసినవాడి పేరు లేదు, లోపల ఏం కలిపారో లేదు. పరీక్షకు పంపితే క్రీములో మెర్క్యురీ, అంటే పాదరసం, ఉంది. నా రక్తంలోనూ ఉంది.

"మీ కిడ్నీని పాడుచేసింది ఇదే, ఈ రోజునుంచే బంద్. ఇంట్లో ఇంకెవరైనా వాడారా?" అంది డాక్టరమ్మ.

రాజవ్వ తల వంచుకుంది. "నేను సుత రాసిన. ఈయన మొకమొక్కటే తెల్లగైతే, నలుగుట్ల నేను ఈయన పనిమనిషి లెక్క కనవడనా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె యూరిన్ రిపోర్ట్ వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నవాణ్ణి లేవలేదు. నార్మల్ అన్నారు. పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. ఈ మాటలో మాత్రం అతిశయోక్తి లేదు.

స్టెరాయిడ్లు ఇప్పుడే వద్దని బీపీ గోలీలు, నీరు దిగే గోలీలు ఇచ్చారు. వాపు తగ్గింది. తగ్గిందని సంబరపడి మామిడి తొక్కు జాడీలో చెయ్యి పెట్టాను, మళ్ళీ కాళ్ళు ఉబ్బాయి. ఉప్పు మానాను. నెలలు గడిచినకొద్దీ ప్రోటీన్ త్రీ ప్లస్ నుంచి టూ ప్లస్ అయింది, తర్వాత ట్రేస్, అంటే జాడ మాత్రమే, ఆ తర్వాత నిల్.

మధ్యలో ఒకసారి అడిగాను. "గింత విషం అమ్ముతుంటే సర్కారుకు ఫికర్ లేదా మేడమ్?"

"మెర్క్యురీ కలపొద్దని రూల్ ఉంది పెద్దాయనా. చేతి సంచిలో వచ్చేదాన్ని, దుకాణంలో చాటుగా అమ్మేదాన్ని, ఫోన్‌లో నొక్కితే ఇంటికొచ్చేదాన్ని పట్టుకునేవాళ్ళేరీ?"

మస్కట్ పోయేటప్పుడు మా అవ్వ కట్టిచ్చిన తొక్కు సీసాను ఎయిర్‌పోర్ట్‌లో మూత తీసి మరీ వాసన చూశారు. తొక్కు మీద పడిన ఆ అనుమానం మొహానికి రాసే డబ్బా మీద ఎందుకు పడదు? అమ్మకముందే పరీక్ష చేయాలి. కలిపినవన్నీ మేం చదవగలిగే తెలుగులో రాయాలి. విషం దొరికితే ప్రతి అంగడి నుంచీ ఆ సరుకు వెనక్కి తెప్పించి, అమ్మినవాడిని జవాబు అడగాలి. రూల్ కాగితం మీదే ఉంటే నా కిడ్నీకి ఏం తెలుస్తుంది?

ఇప్పుడు చెప్పులు హాయిగా పడుతున్నాయి. గంగాధర్ పెట్టె విప్పితే కళ్ళజోడు పెట్టుకుని ముందు నేనే కూర్చుంటాను. పేరు లేని డబ్బా పక్కకు పోతుంది. సబ్బుల వాసన మాత్రం ఇంకా చూస్తాను, రాజవ్వ పక్కన కూర్చుని.

మీకు చెప్పేదొకటే. దవాఖానకు పోయేటప్పుడు మందుల చీటీలతో పాటు మొహానికి, జుట్టుకు రాసుకునే ప్రతి డబ్బానూ సంచిలో వేసుకుని పోండి. చెప్పడానికి సిగ్గయితే భార్యను వెంట తీసుకుపోండి. ఆమె చెప్పేస్తుంది.