తువ్వాలు చాటు బేరం

పానకాలు గారు నోటితో బేరం ఆడరు. ఏ బేరమైనా సరే, భుజం మీది తువ్వాలు తీసి ఎదుటి మనిషి చేతి మీద కప్పి, దాని చాటున వేళ్లు పట్టుకునే ఆడతారు. ఎద్దుల సంతలో ఇలా చేస్తే ఎవరూ వింతగా చూడరు. కానీ పానకాలు గారు ఉద్యోగం చేసేది యూనివర్సిటీలో.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పాతకాలపు బేరగాళ్లు పదిమంది మధ్య నిలబడి ధర పైకి చెప్పుకోరు. గుడ్డ చాటున ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు నొక్కితే ఎంతో, ఎన్ని వేళ్లు కలిపి పట్టుకుంటే ఎంతో వాళ్లకొక లెక్క ఉంది. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ కనపడదు. పానకాలు గారి తాత ఎద్దుల బేరగాడు, తండ్రి మిర్చి కమీషన్ వ్యాపారి. అంచేత ఈయనకు మాటలు రాకముందే వేళ్లు వచ్చాయని వాళ్లావిడ వెంకాయమ్మ గారు అంటుంటారు.

అలాంటి మనిషి యూనివర్సిటీకి ఎలా వచ్చాడంటే, దానికి కారణం మా వైస్ ఛాన్సలర్ గారు. ఆయన వచ్చీ రాగానే, "మన ప్రొఫెసర్ల పరిశోధనలు బీరువాల్లో మగ్గిపోతున్నాయి, బజారుకు తేవాలి" అన్నారు. అందుకోసం ఒక సెల్ పెట్టారు. దాని పేరు ఎంత పొడుగంటే, బోర్డు రాసే పెయింటరు ఒక గోడ చాలక రెండో గోడ మీదికి మళ్లాడు. క్యాంపస్‌లో అందరూ దాన్ని బేరాల గది అంటారు. ఎంబీఏ చదివిన నన్ను అందులో అసిస్టెంటుగా వేసి, అమ్మకం తెలిసిన మనిషి కావాలంటూ మంగళగిరి నుంచి పానకాలు గారిని తెచ్చి నా నెత్తిన కూర్చోబెట్టారు. నాకు ఒళ్లు మండింది. నేను చదివిన పుస్తకాల్లో తువ్వాలు మీద ఒక్క పాఠం కూడా లేదు.

మా ప్రొఫెసర్లకు పరిశోధన అంటే పేపరు. పేపరు అచ్చయితే పెళ్లి చేసినంత సంబరం. పానకాలు గారు ఒక్కొక్కరి గదికీ వెళ్లి కూర్చునేవారు.

"ఏం కనిపెట్టారండీ?"

"ఇంటర్నేషనల్ జర్నల్లో పేపరు వచ్చిందండీ."

"సంతోషం. వస్తువేదీ?"

"వస్తువు లేదండీ, పేపరే."

"పేపర్ని రైతేం చేసుకుంటాడండీ? పొట్లం కట్టుకోవాలన్నా మీది మరీ చిన్నదిగా ఉంది. వస్తువు చేసి పెట్టండి సార్, అమ్మే పూచీ నాది."

ఆ మాట నమ్మిన మొదటి మనిషి కెమిస్ట్రీ మాలిక్ గారు. పత్తి తీశాక చేలో మిగిలిన కట్టెను రైతులు తగలబెట్టేస్తారు. దాన్ని పొడి చేసి, జిగురు కలిపి, నొక్కి ఆయన ఒక బల్ల తయారు చేశారు. పానకాలు గారు దాన్ని నిమిరి చూసి, వాసన చూసి, ఆనక దాని మీద కూర్చున్నారు. బల్ల రెండు ముక్కలైంది. మేం పరిగెత్తుకెళ్లి లేపబోతే, ఆయన నేల మీద ఉండే, "రంగు అద్భుతంగా కుదిరింది మాలిక్ గారూ! ఇక మనిషి కూర్చోవటం ఒక్కటి చూసుకుంటే చాలు" అన్నారు. మాలిక్ గారు దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టి రెండో బల్ల మొదలుపెట్టారు.

ఒకసారి పానకాలు గారు సెలవు కోసం వైస్ ఛాన్సలర్ గారి దగ్గరికి వెళ్లి, అలవాటు ప్రకారం తువ్వాలు పరిచి చెయ్యి చాపారు. ఆ పెద్దమనిషికి వేళ్ల భాష ఏం తెలుసు? మర్యాదగా షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఐదు వేళ్లూ కలిపి పట్టుకున్నారు కాబట్టి సెలవు ఐదు రోజులని లెక్కేసుకుని పానకాలు గారు శ్రీశైలం వెళ్లిపోయారు. వచ్చాక సంజాయిషీ అడిగితే, "చేతిలో చెయ్యేసి ఇచ్చి ఇప్పుడు కాదంటే ఎట్టాగండీ?" అని ఆయనే నొచ్చుకున్నారు.

ఇంకోసారి చైతన్యకృష్ణ అని బెంగళూరు కంపెనీ అతనితో వీడియో కాల్. అంతా సవ్యంగా సాగింది. షరతుల దగ్గరికి రాగానే పానకాలు గారు లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి, చెయ్యి లోపలికి దూర్చి, కెమెరా ముందు వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు.

"సార్, అంతా చీకటిగా ఉంది! ఏమీ కనపడట్లేదు!" అని లోపల నుంచి కేక.

"కనపడకూడదనేగదయ్యా కప్పింది. నీ వేళ్లు కూడా పెట్టు."

ఆ కాల్ తర్వాత నేను ఆగలేకపోయాను. "పైకి మాట్లాడితే మన సొమ్మేం పోతుందండీ?" అని కసిరాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నీకు చదువు ఎక్కువైంది దుర్గాప్రసాదూ" అని టీకి వెళ్లిపోయారు.

ఇక అసలు సంగతికి వస్తాను. వ్యవసాయ ఇంజనీరింగులో రాజేశ్వరి గారని ఉన్నారు. సొంతూరు పొదిలి దగ్గర. ఆవిడది మిరపకాయల తొడిమలు తీసే మిషను. గుంటూరు చుట్టుపక్కల ఆ పని ఆడకూలీలు చేత్తోనే చేస్తారు. ఆవిడ తల్లి పున్నమ్మ గారు ఒకప్పుడు ఆ కూలికే వెళ్లేవారు. "పనికెళ్లొచ్చిన రోజు మా అమ్మ నాకు జడ వేసేది కాదండీ. చేతులు మండేవి, నా కళ్లకి తగుల్తుందని భయం" అని రాజేశ్వరి గారు ఒకసారి మామూలుగా చెప్పారు. నేనైతే మామూలుగా వినలేకపోయాను.

మనిషి చాలా తెలివైనది. కాకపోతే ఎవరైనా ఒక మాటంటే తట్టుకోలేదు. మేం రాకముందు ఏదో కంపెనీ మేనేజరు ఆవిడ మొదటి మిషను చూసి, విద్యార్థుల ముందే, "దీన్నెవరు కొంటారు మేడమ్?" అని నవ్వాడట. మర్నాడే ఆవిడ దాన్ని పాత ఇనుము కొట్టుకు తోలేశారు. చాలాకాలం మిషను చేసే షెడ్డు తాళం తీయలేదు. పానకాలు గారు పోయి గుమ్మంలో కూర్చుని, కదలనని మొండికేస్తే, ఆ పోరు పడలేక రెండోది మొదలుపెట్టారు.

అది చూడటానికి పానకాలు గారు పేరయ్య గారిని పిలిచేవారు. ఆటోనగర్‌లో వ్యవసాయ పనిముట్లు తయారు చేయించే ఆసామి. మొహంలో నవ్వు గానీ నోట్లో మాట గానీ ఉండవు. తువ్వాలు భాష తెలిసిన పాతకాలం మనిషి కావడంతో ఇద్దరికీ కుదిరింది. పేరయ్య గారు మిషను చుట్టూ తిరిగి చూస్తారు. తువ్వాలు పడుతుంది. కాసేపు అటూ ఇటూ కదులుతుంది. పానకాలు గారు మా వైపు తిరిగి, మొహం ఇంత చేసుకుని, "కావాలంటున్నారమ్మా!" అంటారు. అని, "కానీ..." అంటారు.

మొదటిసారి, "కానీ, ఆడవాళ్లు ఎత్తలేరంట. బరువు తగ్గించమంటున్నారు." రాజేశ్వరి గారు బరువు తగ్గించారు. తర్వాత, "కానీ, కాయ చిట్లి గింజ రాలుతోందంట." గింజ రాలకుండా చేశారు. ఆ తర్వాత, "కానీ, ఇంటి కరెంటుకి నడవాలంట." మోటారే మార్చేశారు. ప్రతిసారీ ఆవిడ కళ్లు మెరిసేవి. నాకు మాత్రం చిర్రెత్తేది. ఇన్నిసార్లు కావాలన్న మనిషి చేత ఒక్క ఒప్పందం మీద సంతకం పెట్టించలేడా ఈయన?

ఈలోగా పైనుంచి కబురొచ్చింది. సంవత్సరాంతపు సమీక్ష లోపల కొనేవాళ్లు దొరక్కపోతే మిషను షెడ్డు ఖాళీ చేసి జిమ్ముకు ఇచ్చేస్తారట. రాజేశ్వరి గారు మిషను మీద గుడ్డ కప్పి ఇంటికెళ్లిపోయారు. నాకు పాత ఇనుము కొట్టువాడు గుర్తొచ్చాడు.

పేరయ్య గారిని వెంటనే పిలిపించాం. సరిగ్గా అప్పుడే పానకాలు గారి కుడి మణికట్టు విరిగి పిండికట్టు పడింది. మాలిక్ గారి రెండో బల్ల.

"ఎడమ చెయ్యి పెట్టండి" అన్నాను.

"ఎడంచేత్తో బేరమా? ఒరేయ్, మా తాత పైనుంచి చూస్తుంటాడు. నువ్వే పెట్టాలి" అని తువ్వాలు నా భుజాన వేశారు. వేళ్ల లెక్కంతా ఓపిగ్గా నేర్పారు. చివర్లో ఒకటే చెప్పారు. "లోపల ఏం తగిలినా నీ మొహంలో కనపడకూడదు."

షెడ్డులో నేనూ పేరయ్య గారూ ఎదురెదురుగా నిలబడ్డాం. పక్కన రాజేశ్వరి గారు. ఓ మూల స్టూలు మీద పిండికట్టుతో పానకాలు గారు. తువ్వాలు కప్పాను. చెయ్యి పెట్టాను. చూపుడువేలు కోసం తడిమాను, లేదు. ఉంగరపు వేలు, లేదు. ఒక్క వేలూ దొరకలేదు. చేతికి గట్టి పిడికిలి తగిలింది.

పిడికిలి సంగతి పానకాలు గారు నాకు నేర్పనే లేదు.

మొహం పేరయ్య గారి దగ్గరగా పెట్టి, "ఇదేంటండీ?" అన్నాను గుసగుసగా.

"వద్దని" అన్నారాయన అంతే మెల్లగా.

"మరి పోయినసారి?"

"పోయినసారీ ఇదే. ఎప్పుడూ ఇదేగా. మీ పానకాలు ఊరుకోడే! ఎందుకు వద్దో చెప్పిందాకా చెయ్యి వదలడు."

పానకాలు గారి వైపు చూశాను. ఆయన షెడ్డు కప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు. నేను పేరయ్య గారి పిడికిలి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, "ఇప్పుడెందుకు వద్దు?" అన్నాను.

"లావుకాయకి బానే ఉంది. తేజ రకం సన్నకాయ తొడిమతో పాటే జారిపోతోంది. ఇక్కడ సగంమంది వేసేది అదేనాయె."

"ఏమంటున్నారండీ?" అన్నారు రాజేశ్వరి గారు.

నా మొహం అప్పుడెలా ఉందో నాకు తెలియదు. "కావాలంటున్నారండీ" అన్నాను. "కానీ, సన్నకాయ జారిపోకుండా చూడమంటున్నారు."

"అదెంత పని?" అని ఆవిడ అప్పుడే జల్లెడ విప్పడం మొదలుపెట్టారు.

బయటికి రాగానే పానకాలు గారిని నిలదీశాను. ఆయన తాపీగా చెప్పారు. "వద్దన్నాడంటే ఆ పిల్ల మిషను తూకానికేస్తది. కావాలి కానీ అంటే బాగుచేస్తది. పేరయ్య చెప్పిన లోపం రెంటిలోనూ అదేగా. నేను ఒక్క ముక్క కల్పించలా. ముందు కాస్త తీపి రాశానంతే."

"ఇంకా ఎంతమందికి రాశారండీ?"

"బల్లలు చేసేవాళ్లు కూడా మనుషులేగదయ్యా" అని పిండికట్టు చూసుకున్నారు. ఆ మనిషి మీద నాకున్న చికాకంతా అక్కడే పోయింది. నా ఎంబీఏ పుస్తకాల మీద వచ్చింది.

సమీక్షకు ముందు పేరయ్య గారు మళ్లీ వచ్చారు. ఈసారి తేజ కాయ తనే ఒక గోతాం తెచ్చుకున్నారు. మిషను తిరిగింది. తొడిమలు ఒక పక్క, కాయలు ఒక పక్క పడ్డాయి. అందరం ఏకధాటిగా తుమ్మాం. పేరయ్య గారు గుప్పెడు కాయలు తీసుకుని వెలుగులో తిప్పి తిప్పి చూశారు. అప్పటికి కట్టు విప్పేశారు గనుక పానకాలు గారే తువ్వాలు పరిచారు. అది చాలాసేపు కదిలింది. ఎప్పుడూ లేనిది ఆయన మొహం ఎర్రబడింది.

"కావాలంటున్నారమ్మా" అన్నారు. అని ఆగిపోయారు.

రాజేశ్వరి గారు స్పానరు అందుకున్నారు. "కానీ?"

"కానీ..." పానకాలు గారు బిక్కమొహం వేశారు. "కానీ ఏం లేదమ్మా. ఈసారి నిజంగానే కావాలంటున్నాడు."

నిజంగానే అన్న మాట జారాక గానీ ఆయన చెవిన పడలేదు. నాలుక కరుచుకున్నారు.

"ఈసారి నిజంగానా?" అన్నారు రాజేశ్వరి గారు నెమ్మదిగా. "అంటే, పోయినసార్లు?"

నేను మోటారు కేసి చూస్తూ నిలబడ్డాను. పానకాలు గారు తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు. అప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని పేరయ్య గారు ఒక్కసారి గొంతు పెంచారు. "పోయినసార్లు మాత్రం నేను తమాషా చూడ్డానికొచ్చానా తల్లీ? అప్పుడూ కావాలనే అన్నా. నీ పని అవలా, నాకు తొందర లేదు. అంతే!"

పిడికిలి తప్ప మరోటి ఇవ్వని మనిషి అంత అలవోకగా అబద్ధమాడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

రాజేశ్వరి గారు మా ముగ్గురి మొహాలూ వరసగా చూశారు. పెదాలు బిగబట్టి ఆపుకోబోయారు గానీ కుదరక నవ్వేశారు. స్పానరు కింద పెట్టి, "సరే, బేరం పైకే మాట్లాడుకుందాం రండి" అన్నారు.

"పైకా?" పానకాలు గారు హడలిపోయారు. "నోటితో బేరం నాకు చేతకాదే అమ్మా!"

"మీరు కూర్చోండి సార్. నేనాడతాను."

ఆడారు. మేం కుర్చీలు వేసుకుని చూశాం. ఆ సాయంత్రం బేరం సగంలో ఉండగా పేరయ్య గారు ఇటు తిరిగి, మొహం మీద చెమట తుడుచుకోవడానికి పానకాలు గారి తువ్వాలు అడిగి తీసుకున్నారు.